ఇన్సూరెన్స్ అని చెప్పి డిస్కౌంట్ కార్డు అంటగడతారు.. అమెరికాలోని తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలివే!

నెలకు కొన్ని డాలర్లు కడితే చాలు, డాక్టర్ ఫీజు నుంచి ఆపరేషన్ దాకా అన్నీ కవర్ అయిపోతాయని ఫోన్‌లో చెబుతారు. వారం తిరగకముందే కార్డు ఇంటికి వస్తుంది. దాని మీద మెంబర్ నంబర్ ఉంటుంది, ఏదో నెట్‌వర్క్ పేరు ఉంటుంది. చూడ్డానికి అచ్చం హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులాగే కనిపిస్తుంది. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఇచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అది బీమా కాదు, ఉత్త డిస్కౌంట్ కార్డు. తగ్గింపు పోను మిగిలిన బిల్లంతా పేషెంటే కట్టుకోవాలి.

అమెరికాలో ఈ తరహా అమ్మకాలపై ఏళ్ల తరబడి కేసులు నడుస్తూనే ఉన్నాయి. ఉద్యోగం పోయినవాళ్లు, సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్లు, ఆఫీసు బీమా లేనివాళ్లే ఎక్కువగా వీటి బారిన పడుతుంటారు. ఆ దేశంలో ఉంటున్న తెలుగువాళ్లకు కూడా ఉద్యోగం మారినప్పుడో, పోయినప్పుడో, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో ఈ సమస్య ఎదురయ్యే అవకాశం ఉంది. ఇంతకీ డిస్కౌంట్ ప్లాన్‌కు, ఇన్సూరెన్స్‌కు తేడా ఏంటి? అమ్మేవాళ్లు ఎలా బురిడీ కొట్టిస్తారు? ముందే గుర్తుపట్టడం ఎలా? వివరంగా చూద్దాం.

అసలు డిస్కౌంట్ ప్లాన్ అంటే ఏంటి?

మెడికల్ డిస్కౌంట్ ప్లాన్ అంటే ఒక రకం మెంబర్‌షిప్. నెలనెలా ఫీజు కడితే, ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ల్యాబులు, మందుల షాపులు బిల్లులో కొంత శాతం తగ్గిస్తాయి. అంతే. డిస్కౌంట్ కంపెనీ ఆసుపత్రికి ఒక్క డాలర్ కూడా చెల్లించదు.

ఇన్సూరెన్స్ అలా కాదు. అక్కడ బీమా కంపెనీ రిస్క్ తీసుకుంటుంది. పాలసీదారుడు తన వాటా కట్టాక, మిగిలిన బిల్లును ఒప్పందం ప్రకారం కంపెనీయే ఆసుపత్రికి చెల్లిస్తుంది. అందుకే ఏ ప్లాన్ గురించి విన్నా అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే. 'ఆసుపత్రికి డబ్బులు కట్టేది ఎవరు?' జవాబు 'మీరే, కాకపోతే తక్కువ రేటుకు' అని వచ్చిందంటే అది బీమా కానట్టే.

అలాగని డిస్కౌంట్ ప్లాన్లన్నీ మోసమేం కాదు. పళ్లు, కళ్లజోళ్ల ఖర్చులకు చాలామంది తెలిసే వీటిని తీసుకుంటారు. అక్కడ బిల్లు చిన్నది, తగ్గింపు ఎంతో ముందే తెలుస్తుంది. డిస్కౌంట్ కార్డును డిస్కౌంట్ కార్డు అని చెప్పి అమ్మితే తప్పు లేదు. దాన్నే 'ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్' అని చెప్పి అమ్మడంతోనే గొడవ మొదలవుతుంది.

వీటికి తోడు ఇంకో రకం కూడా ఉంది. ఆసుపత్రిలో ఉంటే రోజుకు ఇంత, డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంత అని ఒక స్థిరమైన మొత్తం ఇచ్చే 'లిమిటెడ్ బెనిఫిట్' ప్లాన్లు. ఇవి సాంకేతికంగా బీమాయే. కానీ అసలు బిల్లు ఎంతైనా వీటి నుంచి వచ్చేది ఆ కాస్త మొత్తమే. చాలా కేసుల్లో ఈ ప్లాన్‌ను, డిస్కౌంట్ కార్డును కలిపి ఒకే ప్యాకేజీగా అంటగడుతుంటారు. కాగితాల్లో ఎక్కడో ఒకచోట 'ఇన్సూరెన్స్' అన్న మాట కనిపిస్తుంది కాబట్టి కొన్నవాళ్లకు అనుమానం రాదు.

లెక్కలో తేడా ఎంత?

ఉదాహరణకు ఒక ఆపరేషన్‌కు 30,000 డాలర్ల బిల్లు అయిందనుకుందాం. కార్డు 30 శాతం తగ్గింపు ఇచ్చినా 21,000 డాలర్లు జేబు నుంచే కట్టాలి. అదే 3,00,000 డాలర్ల బిల్లయితే కట్టాల్సింది 2,10,000 డాలర్లు. బిల్లు పెరిగేకొద్దీ భారం కూడా పెరుగుతూనే పోతుంది. దానికి పైపరిమితి అంటూ ఉండదు.

ఒబామాకేర్‌గా పిలిచే అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం ఉన్న ప్లాన్లలో మాత్రం ఆ పరిమితి ఉంటుంది. 2026 సంవత్సరానికి నెట్‌వర్క్‌లోని ఆసుపత్రుల్లో, ప్లాన్ కవర్ చేసే చికిత్సలకు ఒక వ్యక్తి తన జేబు నుంచి కట్టాల్సింది ఏడాదికి గరిష్ఠంగా 10,600 డాలర్లు. ప్రీమియం దీనికి అదనం. బిల్లు 30,000 అయినా, 3,00,000 అయినా ఈ పరిమితి మారదు. బీమా విలువంతా ఇక్కడే ఉంది. చిన్న ఖర్చులకు డిస్కౌంట్ కార్డు కూడా పనికొస్తుంది. ఇల్లు గుల్ల చేసే పెద్ద ఖర్చు వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది.

తగ్గింపు ఏ రేటు మీద ఇస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. అమెరికాలో ఆసుపత్రులు రాసే అసలు రేట్లు చాలా ఎక్కువగా ఉంటాయి. బీమా లేదని చెప్పి, సొంతంగా కట్టుకుంటామంటే చాలా ఆసుపత్రులు వాటంతట అవే కొంత తగ్గిస్తాయి. నెలనెలా ఫీజు కట్టి తెచ్చుకున్న డిస్కౌంట్, అడిగితే ఊరికే వచ్చేదే కావచ్చు.

ఫోన్‌లో ఎలా ఒప్పిస్తారు?

కథ ఎక్కువగా ఇంటర్నెట్ సెర్చ్‌తో మొదలవుతుంది. 'తక్కువ ధరకు హెల్త్ ఇన్సూరెన్స్' అని వెతికితే ప్రభుత్వ సైట్‌లా కనిపించే పేజీలు వస్తాయి. అక్కడ పేరు, ఫోన్ నంబర్, వయసు నింపగానే ఆ వివరాలు కాల్ సెంటర్లకు అమ్ముడైపోతాయి. నిమిషాల్లోనే ఫోన్లు మొదలవుతాయి.

ఫోన్ చేసినవాళ్లు తాము 'లైసెన్స్‌డ్ ఏజెంట్' అని, వందల ప్లాన్లు పోల్చి చూశామని అంటారు. 'పీపీఓ నెట్‌వర్క్' అన్న మాట పదే పదే వాడతారు. నిజానికి డిస్కౌంట్ కంపెనీలు కూడా పీపీఓ నెట్‌వర్క్ రేట్లను అద్దెకు తీసుకోవచ్చు. కాబట్టి కార్డు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన బీమా ఉన్నట్టు కాదు. ఆ తర్వాత తొందర పెడతారు. ఈ రేటు ఈ రోజు వరకే అంటారు. పాలసీ కాగితాలు ముందు పంపమంటే, డబ్బు కట్టాకే వస్తాయంటారు.

చివర్లో 'వెరిఫికేషన్' అంటూ ఓ రికార్డింగ్ పెడతారు. అందులో గబగబా చదివే వాక్యాల్లో 'ఇది ప్రధాన వైద్య బీమా కాదు' అన్న మాట కూడా దొర్లుతుంది. 'అదంతా ఫార్మాలిటీ, అన్నింటికీ ఎస్ అనండి చాలు' అని ముందే చెప్పి ఉంచుతారు. రేపు గొడవ అయితే కంపెనీ చూపించేది ఆ రికార్డింగ్‌నే.

సింపుల్ హెల్త్ కేసులో ఏం జరిగింది?

ఈ వ్యవహారంలో బాగా పేరుకెక్కిన కేసు ఫ్లోరిడాకు చెందిన సింపుల్ హెల్త్ ప్లాన్స్ సంస్థది. వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, 2018 అక్టోబర్‌లో ఈ సంస్థపై కోర్టుకెక్కింది. పాత జబ్బులకు, మందులకు, ఆసుపత్రి ఖర్చులకు అన్నింటికీ కవరేజ్ ఉంటుందని చెప్పి, లిమిటెడ్ బెనిఫిట్ ప్లాన్లు, డిస్కౌంట్ మెంబర్‌షిప్‌లు అమ్మారన్నది అభియోగం. ఇందుకోసం నెలకు 500 డాలర్ల దాకా వసూలు చేసినట్టు ఎఫ్‌టీసీ చెప్పింది. పేరున్న సంస్థలతో సంబంధం ఉన్నట్టు కూడా నమ్మించారని ఆరోపించింది. కోర్టు వెంటనే ఆ అమ్మకాలను ఆపించింది. చివరకు 2024 ఫిబ్రవరిలో సంస్థ, దాని సీఈఓ కలిపి 195 మిలియన్ డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. టెలిమార్కెటింగ్ చేయకుండా, ఆరోగ్య ప్లాన్లు అమ్మకుండా శాశ్వత నిషేధం పడింది.

అక్కడితో ఆగలేదు. బెనిఫిట్ టెక్నాలజీస్ అనే మరో సంస్థ ఇలాంటి ఆరోపణలపైనే 2022 ఆగస్టులో 100 మిలియన్ డాలర్లకు సెటిల్‌మెంట్ చేసుకుంది. ఆ డబ్బును 2024లో 4.6 లక్షల మందికి పైగా బాధితులకు ఎఫ్‌టీసీ తిరిగి పంపింది. అంటే సగటున ఒక్కొక్కరికి వచ్చింది 200 డాలర్ల పైచిలుకు మాత్రమే. 2025 ఆగస్టులో అష్యూరెన్స్ ఐక్యూ 100 మిలియన్ డాలర్లకు, వినియోగదారుల వివరాలు సేకరించి అమ్మే మీడియాఆల్ఫా 45 మిలియన్ డాలర్లకు ఒప్పందానికి వచ్చాయి.

కేసు గెలిచినా నష్టపోయిన మొత్తం తిరిగి రావడం కష్టమేనని ఈ లెక్కలే చెబుతున్నాయి. తిరిగొచ్చేది కట్టిన ఫీజులో కొంత భాగం. ఆసుపత్రి బిల్లుల అప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

డబ్బు కంటే పెద్ద నష్టం.. చేజారే 60 రోజులు

డిస్కౌంట్ కార్డు కొన్నవాళ్లు ఎక్కువగా గమనించని విషయం ఇది. అమెరికాలో బీమా ఎప్పుడు పడితే అప్పుడు కొనలేరు. ఏటా నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో కొనాలి. లేదంటే ఉద్యోగం పోవడం, పెళ్లి, బిడ్డ పుట్టడం లాంటి మార్పు వచ్చినప్పుడు సాధారణంగా 60 రోజుల ప్రత్యేక గడువు దొరుకుతుంది.

ఉద్యోగంతో పాటు బీమా పోయిన వ్యక్తి ఆ 60 రోజుల్లో డిస్కౌంట్ కార్డు కొని, తనకు కవరేజ్ ఉందనుకుని నిశ్చింతగా ఉండిపోతారు. నాలుగైదు నెలల తర్వాత జబ్బు చేస్తే అప్పుడు నిజం తెలుస్తుంది. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. డిస్కౌంట్ కార్డు రద్దు చేసుకుంటే కొత్తగా గడువు రాదు. ఎందుకంటే చట్టం దృష్టిలో అది కవరేజే కాదు. మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బీమా లేకపోతే వేసే ఫెడరల్ జరిమానా 2019 నుంచి సున్నా అయింది. కానీ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీతో పాటు మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీల్లో సొంత నిబంధనలున్నాయి. అక్కడ డిస్కౌంట్ కార్డును బీమా కింద లెక్కించరు. ట్యాక్స్ ఫైలింగ్ వేళ పెనాల్టీ పడొచ్చు.

తెలుగు కుటుంబాలకు ఎక్కడ జాగ్రత్త అవసరం?

హెచ్1బీ ఉద్యోగం పోతే వీసా కోసం గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ హడావిడిలో బీమా సంగతి వెనక్కి పోతుంది. తక్కువ ధర ప్లాన్ అంటే టెంప్ట్ అవడానికి ఇదే అదను. అయితే 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో పనిచేసి ఉంటే 'కోబ్రా' కింద పాత ఆఫీసు బీమానే మామూలుగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం, దానిపై 2 శాతం దాకా ఫీజు సొంతంగా కట్టాలి కాబట్టి ఖర్చు ఎక్కువే. కాకపోతే నిర్ణయించుకోవడానికి కనీసం 60 రోజులు టైం ఉంటుంది. ఆలోగా ఎంచుకుని, బకాయి ప్రీమియం కడితే బీమా పోయిన రోజు నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. ఆ మధ్యలో ఆసుపత్రి ఖర్చు వచ్చినా కవర్ అవుతుంది. కంగారుపడి ఏదో ఒక కార్డు కొనేయాల్సిన అవసరం లేదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు చాలా యూనివర్సిటీలు తమ బీమా తప్పనిసరి చేస్తాయి. బయట ప్లాన్ తీసుకుని మినహాయింపు అడగాలంటే అది నిజమైన బీమా అయి ఉండాలి. డిస్కౌంట్ కార్డు చూపిస్తే కుదరదు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో బీమా దొరకదు. వాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అందులోనూ స్థిరమైన మొత్తం ఇచ్చేవి వేరు, బిల్లులో శాతం చెల్లించే కాంప్రహెన్సివ్ ప్లాన్లు వేరు. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు ఏం వర్తిస్తుందో కాగితం మీద చూసుకోవాలి. గ్రీన్ కార్డు మీద కొత్తగా వచ్చిన 65 ఏళ్లు దాటిన తల్లిదండ్రులకు, అక్కడ పని చేసిన రికార్డు లేకపోతే, ఐదేళ్లు నివాసం ఉంటే కానీ ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరే వీలుండదు. ఈలోగా వాళ్లు మార్కెట్‌ప్లేస్ బీమా కొనుక్కోవచ్చు.

కొనే ముందు ఇవి అడగండి

- బిల్లు వస్తే ఆసుపత్రికి డబ్బులు ఎవరు కడతారు? ఎంత కడతారు?
- ఏడాదికి నా జేబు నుంచి పోయే ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఎంత? డిస్కౌంట్ ప్లాన్‌లో ఈ ప్రశ్నకు జవాబే ఉండదు.
- బీమా కంపెనీ అసలు పేరేంటి? ఆ పేరుకు, ఏజెంట్‌కు మా రాష్ట్రంలో లైసెన్స్ ఉందా? రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో నిమిషాల్లో చూసుకోవచ్చు.
- పాత జబ్బులు, గర్భం, ప్రసవం కవర్ అవుతాయా? అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్లాన్లలో ఇవి తప్పనిసరి.
- 'బెనిఫిట్స్ అండ్ కవరేజ్' వివరాల పత్రం డబ్బు కట్టకముందే పంపుతారా? పంపనంటే ఫోన్ పెట్టేయడం మంచిది.

'డిస్కౌంట్', 'మెంబర్‌షిప్', 'యాక్సెస్', 'సేవింగ్స్' అన్న మాటలు కాగితాల్లో ఎక్కువగా కనిపిస్తే ఆగి ఆలోచించాలి. మీరు వెళ్లే డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ కార్డును ఇన్సూరెన్స్‌గా తీసుకుంటారా అని నేరుగా అడగొచ్చు. బిల్లింగ్ చూసే సిబ్బందికి తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అసలైన ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ హెల్త్‌కేర్ డాట్ గవ్. ఫోన్ నంబర్ 1-800-318-2596. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలకు సొంత మార్కెట్‌ప్లేస్‌లు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీ సాయం ఉచితంగా అడగొచ్చు.

ఇప్పటికే కొనేశారా?

ముందు రాతపూర్వకంగా రద్దు చేసుకోండి. డిస్కౌంట్ ప్లాన్ల కోసం బీమా కమిషనర్ల జాతీయ సంఘం తయారు చేసిన నమూనా చట్టంలో, చేరిన 30 రోజుల్లోపు రద్దు చేసుకుంటే కట్టిన నెలవారీ ఫీజు తిరిగివ్వాలన్న నిబంధన ఉంది. 'ఇది బీమా కాదు' అని స్పష్టంగా రాయాలని కూడా అందులో ఉంది. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో డిస్కౌంట్ కంపెనీలు లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి ఉంటుంది. రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌ను అడగడం ఉత్తమం.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకు డిస్‌ప్యూట్ పెట్టొచ్చు. ఆటో డెబిట్ ఉంటే ఆపించండి. ఫోన్ కాల్ తేదీలు, మెసేజ్‌లు, ఈమెయిల్స్ జాగ్రత్తగా దాచి, రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కు, ఎఫ్‌టీసీకి ఫిర్యాదు చేయండి. అన్నిటికంటే ముందు 60 రోజుల ప్రత్యేక గడువులో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూసుకోండి. ఒక్క రోజు మిగిలి ఉన్నా అసలు బీమాకు అప్లై చేయొచ్చు.

ఆసుపత్రి బిల్లు వచ్చేస్తే?

ఎమర్జెన్సీలో బీమా లేదని భయపడి ఇంట్లోనే ఉండిపోవద్దు. 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఎమర్జెన్సీ విభాగాలున్న ఆసుపత్రులు పేషెంట్‌ను పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలి. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది.

లాభాపేక్ష లేని ఆసుపత్రులకు పన్ను మినహాయింపు ఉండాలంటే, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ల కోసం ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి. 'ఫైనాన్షియల్ అసిస్టెన్స్' ఫారం అడిగి తీసుకోండి. ముందే అనుకున్న చికిత్స అయితే బీమా లేనివాళ్లకు ఖర్చు అంచనా ముందుగానే రాసివ్వాలి. 2022 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. బిల్లు ఆ అంచనా కంటే 400 డాలర్లు లేదా అంతకుమించి పెరిగితే 120 రోజుల్లోపు సవాలు చేయొచ్చు. డిస్కౌంట్ కార్డు మాత్రమే ఉన్నవాళ్లు బీమా లేనివాళ్ల కిందకే వస్తారు కాబట్టి, ఈ హక్కులు వాళ్లకూ ఉంటాయి.

మన దగ్గర సంగతేంటి?

తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రులు, ప్రైవేటు సంస్థలు 'హెల్త్ కార్డు', 'ఫ్యామిలీ కార్డు' పేరుతో ఓపీ, టెస్టులపై తగ్గింపులు ఇస్తుంటాయి. ఇవి కూడా బీమా కావు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ లాంటి పథకాల్లో ఆసుపత్రికి ప్రభుత్వం తరఫున చెల్లింపు జరుగుతుంది. తగ్గింపు కార్డులో మాత్రం మిగిలిన బిల్లంతా మీదే.

మన దేశంలో హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మాలంటే ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ ఉన్న బీమా కంపెనీయే పాలసీ ఇవ్వాలి. పాలసీ డాక్యుమెంట్, పాలసీ నంబర్, సమ్ ఇన్సూర్డ్ ఉన్నాయో లేదో చూసుకోండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కివ్వడానికి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. అనుమానం ఉన్నా, ఫిర్యాదు చేయాలన్నా ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255కు ఫోన్ చేయొచ్చు. 'బీమా భరోసా' పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు.